ప్రజాధనంతో కట్టుబడిన భూములు ఎవరి చేతిలో ఉన్నాయి? అమెరికా కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ల యజమానులపై బహిరంగ నివేదిక తయారుచేసే పద్ధతి

అమెరికాలో ఒక రైతు తన పొలాన్ని ఎప్పటికీ ప్లాట్లుగా విడగొట్టనని, కాలనీలు లేపనివ్వనని రాసిచ్చి, ఆ మాటకు ప్రభుత్వం దగ్గర డబ్బు తీసుకోవచ్చు. భూమి ఆయన పేరు మీదే ఉంటుంది. దున్నుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు. రాసిచ్చిన షరతు మాత్రం మనిషిని కాకుండా భూమిని పట్టుకుని ఉంటుంది. ఎంతమంది చేతులు మారినా పోదు. దీన్నే కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు.

చాలా ఈజ్‌మెంట్లలో డబ్బు జనానిదే అయినా, ఆ పొలంలోకి అడుగుపెట్టే హక్కు జనానికి ఉండదు. కాబట్టి వాళ్లకు దక్కాల్సింది లెక్క. ఎవరికి ఎంత ఇచ్చారు, ఏ షరతుకు ఇచ్చారు, ఇప్పుడు ఆ భూమి ఎవరిది, షరతు నిలబడిందా అన్నది తెలియాలి. ఇదంతా ఏ ఒక్క ఆఫీసులోనూ ఒకచోట దొరకదు. దస్తావేజు కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో, చెల్లింపు వ్యవసాయ శాఖలో, పన్ను రాయితీ పన్నుల శాఖలో ఉంటాయి. ఈ మూడింటినీ కలిపి ఒక కౌంటీకి నివేదిక తయారుచేయడం ఎలాగో కింద చెబుతున్నాం. వర్జీనియాలోని లౌడన్ కౌంటీలోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఊరి అంచున పొలం కొనాలని చూస్తున్న తెలుగు కుటుంబాలకు మూడో, నాలుగో దశలు సొంత అవసరానికి కూడా పనికొస్తాయి.

మొదటి దశ: "ఓనర్" అంటే ఎవరో తేల్చుకోండి

ఇక్కడ తప్పటడుగు పడితే నివేదిక మొత్తం తప్పుతుంది. ఒక ఈజ్‌మెంట్‌లో నలుగురు వేర్వేరు మనుషులు కనిపిస్తారు.

రాసిచ్చినవారు: ఆ రోజు భూమి ఎవరి పేరున ఉందో వారు. డబ్బు గానీ పన్ను రాయితీ గానీ అందేది వీరికే.

రాయించుకున్నవారు, అంటే హోల్డర్: ల్యాండ్ ట్రస్టో (భూములను కాపాడే లాభాపేక్ష లేని సంస్థ), కౌంటీయో, రాష్ట్రమో, కొన్నిసార్లు ఫెడరల్ ప్రభుత్వమో. "ఈజ్‌మెంట్ ఓనర్" అని కాగితాల్లో ఉంటే ఎక్కువగా వీరే.

అమలు హక్కు ఉన్న మూడో పక్షం: హోల్డర్ పట్టించుకోకపోతే తాను కల్పించుకోగలవారు.

ఇప్పటి భూ యజమాని: కొన్నవారు, వారసులు, లేదా ఒక ఎల్ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ).

2006లో రాసిచ్చి డబ్బు తీసుకున్నది ఒకరు, 2019లో ఆ పొలం కొన్నది మరొకరు అనుకోండి. కొన్నవారి పేరు పక్కన "ప్రభుత్వం నుంచి ఇంత పొందారు" అని రాస్తే అది అబద్ధం. వాళ్లు పైసా తీసుకోలేదు, షరతులు మాత్రం మోస్తున్నారు. అందుకే డబ్బు అందుకున్నవారికి ఒక గడి, ఇప్పటి యజమానికి ఇంకో గడి, రెండింటి పక్కనా తేదీ పెట్టాలి. ఈ రెండు గడులను ఎప్పుడూ కలపకండి.

రెండో దశ: డబ్బు ఏ దారిన వచ్చిందో పోల్చుకోండి

ఎంత సమాచారం దొరుకుతుందన్నది డబ్బు వచ్చిన దారిని బట్టి ఉంటుంది.

నేరుగా కొనడం మొదటిది. ఫెడరల్ వ్యవసాయ శాఖలో సహజ వనరుల పరిరక్షణ చూసే ఎన్ఆర్‌సీఎస్ విభాగం నడిపే ఏసెప్ పథకం ఇందులో పెద్దది. 2014 ఫార్మ్ బిల్ అనే వ్యవసాయ చట్టం పాత పథకాలు మూడింటిని కలిపి దీన్ని తెచ్చింది. దీనికి రెండు పాయలున్నాయి. వ్యవసాయ భూముల పాయ ఏఎల్ఈలో ఈజ్‌మెంట్ విలువలో (షరతు వల్ల భూమి ధర ఎంత తగ్గుతుందో అందులో) 50 శాతం దాకా, ప్రత్యేక ప్రాధాన్యం ఉన్న గడ్డిభూములకైతే 75 శాతం దాకా ఫెడరల్ వాటా ఉంటుంది. హోల్డర్ మాత్రం రాష్ట్రమో, స్థానిక ప్రభుత్వమో, ల్యాండ్ ట్రస్టో. చిత్తడి నేలల పాయ డబ్ల్యూఆర్ఈలో శాశ్వత ఈజ్‌మెంట్‌కు పూర్తి విలువ ఫెడరల్ ప్రభుత్వమే ఇస్తుంది, హోల్డర్ కూడా తనే. అడవులకు ఫారెస్ట్ లెగసీ అనే పథకం ఉంది, అందులో ఫెడరల్ వాటా 75 శాతం మించదు. రాష్ట్రాల పథకాలు వేరు. మేరీల్యాండ్‌లో వ్యవసాయ భూ పరిరక్షణ ఫౌండేషన్ 1977 నుంచి ఉంది. న్యూజెర్సీలో రాష్ట్ర వ్యవసాయ అభివృద్ధి కమిటీ ఈజ్‌మెంట్లు కొంటుంది. కొలరాడోలో లాటరీ ఆదాయంతో నడిచే గ్రేట్ అవుట్‌డోర్స్ కొలరాడో గ్రాంట్లిస్తుంది.

రాష్ట్ర పన్ను క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులోంచి నేరుగా తగ్గింపు, రెండోది. డబ్బు తీసుకోకుండా దానమిచ్చిన విలువలో వర్జీనియా 40 శాతం, కొలరాడో 2021 నుంచి 90 శాతం క్రెడిట్‌గా ఇస్తున్నాయి. రెండు చోట్లా దాన్ని వేరేవాళ్లకు అమ్ముకోవచ్చు. వర్జీనియాలో 10 లక్షల డాలర్లు, ఆపైన క్రెడిట్ అడిగితే ఆ భూమికి నిజంగా పరిరక్షణ విలువ ఉందా అని రాష్ట్ర శాఖ పరిశీలిస్తుంది. అలాంటివాటికి కాగితం ఎక్కువ పుడుతుంది కాబట్టి అక్కడి నుంచి మొదలుపెట్టడం లాభం.

ఫెడరల్ ఆదాయపు పన్ను మినహాయింపు మూడోది. పన్ను చట్టంలోని 170(హెచ్) సెక్షన్ దీనికి ఆధారం. ఈ దారిలో పేర్లు, మొత్తాలు మీకు రావు. పన్ను రిటర్నులను 6103 సెక్షన్ గోప్యంగా ఉంచుతుంది. వివాదం టాక్స్ కోర్టుకు వెళితే అక్కడి తీర్పులు మాత్రం బహిరంగమే.

మూడో దశ: తొలి జాబితా

నేషనల్ కన్జర్వేషన్ ఈజ్‌మెంట్ డేటాబేస్‌లో మీ కౌంటీని దించుకోండి. హోల్డర్ పేరు, ఎకరాలు, ఉద్దేశం, ప్రవేశం ఉందో లేదో దొరుకుతాయి. భూ యజమాని పేరు ఉండదు. హోల్డర్లు ఇష్టపడి ఇస్తేనే చేరే సమాచారం కనుక ఖాళీలుంటాయి. మ్యాప్ మీది గీతలు హద్దులకు సాక్ష్యం కావు.

దాన్ని రాష్ట్ర జాబితాతో సరిచూడండి. మెయిన్ రాష్ట్రంలో హోల్డర్లు తమ ఈజ్‌మెంట్ల వివరాలను, రిజిస్ట్రీ బుక్, పేజీ నంబర్లతో సహా, ఏటా రాష్ట్రానికి తెలపాలి. కాలిఫోర్నియాలో కౌంటీ రికార్డర్లు కన్జర్వేషన్ ఈజ్‌మెంట్లకు విడిగా ఇండెక్స్ ఉంచాలి.

తర్వాత ఆ కౌంటీలో పనిచేసే ప్రతి ల్యాండ్ ట్రస్టు ఫారం 990 తీయండి. లాభాపేక్ష లేని సంస్థలు ఏటా ఫెడరల్ పన్ను శాఖకు ఇచ్చే పత్రం అది, బహిరంగమే. షెడ్యూల్ డి రెండో భాగంలో ఎన్ని ఈజ్‌మెంట్లున్నాయి, ఎన్ని ఎకరాలు, ఆ ఏడాది ఎన్నింటిని మార్చారు, బదలాయించారు, రద్దు చేశారు, తనిఖీకి ఎన్ని గంటలు పెట్టారు అన్నవి ఉంటాయి. మార్పుల గడిలో సున్నా కాకుండా అంకె కనిపిస్తే గుర్తుపెట్టుకోండి. ఆ సవరణ దస్తావేజు కౌంటీలో ఎక్కడో ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి.

నాలుగో దశ: కౌంటీ రికార్డు

అసలు పని ఇక్కడే. మన దగ్గర ఈసీ తీసి లింకు డాక్యుమెంట్లు చూసుకున్నట్టే, ఇక్కడ కౌంటీ రికార్డర్ ఆఫీసులో రాసిచ్చినవారి ఇండెక్స్, రాయించుకున్నవారి ఇండెక్స్ వెతకాలి. ఈసీ లాగా అన్నీ ఒక కాగితం మీద ముద్రించి ఇచ్చే ఏర్పాటు లేదు. ఎవరికి వారు పేరు పెట్టి వెతుక్కోవాలి.

మొదట హోల్డర్ పేరుతో, రాయించుకున్నవారి వైపు వెతకండి. ట్రస్టులు విలీనమై పేర్లు మారుతుంటాయి కాబట్టి పాత పేర్లు కూడా వాడాలి. ఫెడరల్ ఈజ్‌మెంట్లకు "యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా", "యూఎస్ఏ" రెండూ వేసి చూడండి. పాతవాటిలో కమోడిటీ క్రెడిట్ కార్పొరేషన్ పేరు కూడా కనిపిస్తుంది. దస్తావేజు రకం పేరు కూడా చోటును బట్టి మారుతుంది. కొలరాడోలో "డీడ్ ఆఫ్ కన్జర్వేషన్ ఈజ్‌మెంట్" అన్నదాన్ని న్యూజెర్సీ పొలాలకు "డీడ్ ఆఫ్ ఈజ్‌మెంట్" అని, మసాచుసెట్స్‌లో "కన్జర్వేషన్ రిస్ట్రిక్షన్" అని అంటారు. ఒక్క పేరుతో వెతికి లేదనుకుంటే సగం జారిపోతాయి.

దస్తావేజు చేతికొచ్చాక ఈ వరుసలో చదవండి.

రిజిస్టరైన తేదీ, నంబరు. సంతకం తేదీ వేరుగా ఉంటుంది. రెండూ రాసుకోండి.

సొమ్ము. మన విక్రయ దస్తావేజుల్లో మొత్తం రాస్తారు. ఇక్కడ చాలా వాటిలో "10 డాలర్లు, తదితర ప్రతిఫలం" అని మాత్రమే ఉంటుంది. అది చూసి 10 డాలర్లకే ఇచ్చారని గానీ, దానమని గానీ రాయకండి. అసలు ధర గ్రాంటు ఒప్పందంలోనో కౌంటీ బోర్డు మినిట్స్‌లోనో దొరుకుతుంది.

హద్దులు. మన చెక్కుబందీ ఉండే షెడ్యూలు లాంటిదే చివర జోడించిన ఎగ్జిబిట్. పశ్చిమ రాష్ట్రాల్లో సెక్షన్ల కొలత వాడతారు. ఒక సెక్షన్ 640 ఎకరాలు, పావు సెక్షన్ 160. "సెక్షన్ 14 నైరుతి పావులో ఉత్తర సగం" అని ఉంటే 80 ఎకరాలు. దీన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి: ముందు సెక్షన్, అందులో నైరుతి పావు, ఆ పావులో పై సగం. వర్జీనియా లాంటి తూర్పు రాష్ట్రాల్లో దిక్కులు, దూరాలు చెబుతూ చుట్టి వస్తారు. పాతవాటిలో పోల్ అంటే 16.5 అడుగులు, చెయిన్ అంటే 66 అడుగులు. "మినహాయించి" అన్న మాట కోసం ప్రత్యేకంగా వెతకండి. ఇళ్ల కోసం వదిలిన ముక్కలు అక్కడ దాక్కుంటాయి. ఎకరాల తేడా చాలావరకు వచ్చేది అందుకే.

ఉంచుకున్న హక్కులు. ఎన్ని ఇళ్లు కట్టుకోవచ్చు, ఏ జాగాలో, పొలాన్ని ఎన్ని ముక్కలు చేయొచ్చు. "శాశ్వతంగా కాపాడిన 500 ఎకరాలు" అని ప్రకటనలో ఉన్నచోట దస్తావేజులో ఐదు ఇళ్లకు అనుమతి ఉంటే, చదివేవాళ్లకు అది తెలియాలి.

తనఖా. ఈజ్‌మెంట్ కంటే ముందున్న తనఖా ఉంటే, ఆ బ్యాంకు తన హక్కును ఈజ్‌మెంట్‌కు లోబరుస్తూ రాసిచ్చిందా అని చూడండి. ఆ కాగితం లేకపోతే బ్యాంకు జప్తు చేసినప్పుడు ఈజ్‌మెంటే కొట్టుకుపోవచ్చు. జనం డబ్బు పెట్టిన చోట ఇది చిన్న విషయం కాదు. నివేదికలో విడిగా ఒక గడి ఇవ్వండి.

రద్దు వాటా. కోర్టు ఎప్పుడైనా ఈజ్‌మెంట్ రద్దు చేస్తే వచ్చే సొమ్ములో హోల్డర్‌కు ఎంత శాతం, ప్రభుత్వానికి ఎంత అని ఒక క్లాజ్ ఉంటుంది. పెట్టుబడి పెట్టిన ప్రభుత్వ సంస్థల పేర్లు చాలాసార్లు ఇక్కడే బయటపడతాయి. డబ్బు ఎవరిదో తెలియక ఆగిపోయినప్పుడు ముందు ఈ పేజీ తెరవండి.

చివరగా అదే హోల్డర్ పేరును రాసిచ్చినవారి వైపు వెతకండి. సవరణ, బదలాయింపు, విడుదల దస్తావేజులు అక్కడ ఉంటాయి.

ఈ ఇండెక్స్ పని వద్దు, నాకు ఒక్క పొలం గురించే తెలియాలి అనుకునే కొనుగోలుదారు టైటిల్ కంపెనీ (భూమి హక్కుకు బీమా ఇచ్చే సంస్థ) ఇచ్చే కమిట్‌మెంట్ అనే పత్రంలో షెడ్యూల్ బి మినహాయింపులు చదివితే చాలు. రిజిస్టరైన ఈజ్‌మెంట్ అక్కడ కనిపించాలి. కనిపించిన నంబరుతో పూర్తి దస్తావేజు తెప్పించుకుని చదవండి, సారాంశంతో సరిపెట్టుకోకండి.

ఐదో దశ: ఇప్పటి యజమాని

కౌంటీ అసెసర్ (ఆస్తి పన్నుకు విలువ కట్టే అధికారి) సైటులో పార్సిల్ నంబరు, అంటే మన సర్వే నంబరు లాంటిది, వేస్తే పేరు వస్తుంది. ఆ పేరు పన్ను నోటీసు కోసం ఉంచింది. యాజమాన్యానికి రుజువు చివరి విక్రయ దస్తావేజే. అమ్మకం తర్వాత అసెసర్ రికార్డు మారడానికి సమయం పడుతుంది. పార్సిల్ నంబర్లు కూడా స్థిరం కావు. పొలం విడిపోతే కొత్తవి వస్తాయి. కాబట్టి ఈజ్‌మెంట్‌కు గుర్తుగా దస్తావేజు నంబరునే వాడండి.

యజమాని ఎల్ఎల్‌సీ అయితే, కంపెనీలు నమోదయ్యే రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర వెతకాలి. వర్జీనియాలో ఆ పని స్టేట్ కార్పొరేషన్ కమిషన్‌ది. అక్కడ కనిపించే రిజిస్టర్డ్ ఏజెంట్ కోర్టు కాగితాలు అందుకునే మనిషి మాత్రమే. అతన్ని యజమానిగా రాయడం తరచూ జరిగే పొరపాటు. అసలు వాటాదారులు ఎవరో చాలా రాష్ట్రాల్లో బయటికి రాదు. ఫెడరల్ స్థాయిలో 2021 నాటి కార్పొరేట్ ట్రాన్స్‌పరెన్సీ చట్టం కింద పోగయ్యే అసలు యజమానుల వివరాలు జనానికి ఎప్పుడూ తెరవలేదు. 2025 మార్చిలో దేశీయ కంపెనీలను ఆ వివరాలిచ్చే బాధ్యత నుంచే తప్పించారు. కాబట్టి కంపెనీ పేరు దగ్గర ఆగాల్సి వస్తే ఆగండి. "వెనకున్నవారు బహిరంగ రికార్డుల్లో లేరు" అని రాస్తే అది కూడా పాఠకుడికి పనికొచ్చే సమాచారమే. ఊహించి పేరు పెట్టకండి.

విదేశీ యాజమాన్యం అని అనుమానముంటే 1978 నాటి ఆఫిడా చట్టం దారి చూపుతుంది. వ్యవసాయ భూమి కొన్న విదేశీయులు 90 రోజుల్లో వ్యవసాయ శాఖకు తెలపాలి. ఆ వివరాలతో శాఖ నివేదికలు ప్రచురిస్తుంది.

ఆరో దశ: చెల్లింపుల కోసం దరఖాస్తు

ఫెడరల్ ఖర్చుల వివరాలుండే యూఎస్ఏ స్పెండింగ్ సైటులో ఏసెప్‌కు 10.931, ఫారెస్ట్ లెగసీకి 10.676 అన్న కార్యక్రమ సంఖ్యలతో వెతకండి. సంస్థలకిచ్చినవి పేర్లతో కనిపిస్తాయి. వ్యక్తులకిచ్చిన చోట పేరు కప్పేసి ఉంటుంది.

అక్కడ ఆగిపోయినవారికి సమాచార హక్కు దరఖాస్తు, అంటే ఫోయా, దిక్కు. 2008 ఫార్మ్ బిల్‌లోని 1619 సెక్షన్ రైతులిచ్చిన వివరాలను బయటపెట్టొద్దంటుంది. చాలా దరఖాస్తులు తిరిగొచ్చేది దీనివల్లే. అదే సెక్షన్‌లో చెల్లింపుల మొత్తాలకు, అందుకున్నవారి పేర్లకు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపును ఉత్తరంలో ముందే ప్రస్తావించండి. "ఈజ్‌మెంట్ ఫైళ్లన్నీ కావాలి" అని అడగకండి. కౌంటీ, సంవత్సరాలు, ఒప్పందం నంబరు, అందుకున్నవారి పేరు, మొత్తం, తేదీ, ఎకరాలు అని గడులు చెప్పి, స్ప్రెడ్‌షీట్‌గా ఇమ్మనండి. సాగు వివరాలు, మ్యాపులు, అప్రైజల్ (విలువ అంచనా) లాంటివి అదే ఉత్తరంలో కలిపితే వాటికోసం మొత్తం ఆగుతుంది. వాటికి వేరే దరఖాస్తు పెట్టండి.

గడువు ఫెడరల్‌లో 20 పనిదినాలు. కొలరాడోలో 3 పనిదినాలు, అవసరమైతే మరో 7. న్యూజెర్సీలో 7, వర్జీనియాలో 5. వర్జీనియా చట్టం ఆ రాష్ట్రవాసులకు, అక్కడి మీడియాకు మాత్రమే హక్కిస్తుంది. 2013లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. బయటివారైతే అక్కడుండే మిత్రుడి చేత పెట్టించండి. ఫెడరల్ శాఖ కాదంటే అప్పీలుకు కనీసం 90 రోజులుంటాయి.

ఏడో దశ: లెక్క కట్టడం

ఒక ఊహా ఉదాహరణ. కొలరాడోలో 320 ఎకరాలు. ఈజ్‌మెంట్‌కు ముందు విలువ 16 లక్షల డాలర్లు, తర్వాత 10 లక్షలు. తేడా 6 లక్షలు, అదే ఈజ్‌మెంట్ విలువ. ఏఎల్ఈ 3 లక్షలిచ్చింది, రాష్ట్ర గ్రాంటు లక్షన్నర. మిగతా లక్షన్నర యజమాని దానం.

ఇక్కడితో ఆపేస్తే జనం వాటా 75 శాతం. కానీ ఆ దానం మీద 90 శాతం రాష్ట్ర క్రెడిట్ తీసుకుంటే మరో 1,35,000 డాలర్లు. అప్పుడు 6 లక్షల్లో 5,85,000 ఖజానాదే. క్రెడిట్‌ను ఆయన తక్కువకు అమ్ముకున్నా ఖజానాకు పోయేది పూర్తి మొత్తమే. ఇక 2019 నాటి ఫెడరల్ నిబంధన ప్రకారం రాష్ట్ర క్రెడిట్ అందిన మేరకు ఫెడరల్ మినహాయింపు తగ్గుతుంది. కాబట్టి మినహాయింపు 15,000 మీదే. పూర్తి లక్షన్నర మీద వేస్తే రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

ఆయన క్రెడిట్ తీసుకున్నారో లేదో మీకు కాగితం లేకపోవచ్చు. దానం చేసినంత మాత్రాన తీసుకున్నారని అనుకోకూడదు. రెండు వరుసలు రాయండి: "రుజువైనది 4,50,000", "అర్హత ఉన్నది 1,35,000 దాకా". ఈ రెండో వరుస మీద పేరు పెట్టి ఎవరినీ వేలెత్తి చూపకండి.

ఎనిమిదో దశ: తప్పులు ఏరడం

ప్రచురించే ముందు ఈ నాలుగూ చూడండి. ఇద్దరు హోల్డర్లున్న ఈజ్‌మెంట్ రెండు జాబితాల్లో ఉండి రెండుసార్లు కూడి ఉండొచ్చు. ఒకే ఈజ్‌మెంట్ ఐదు పార్సిళ్ల మీద ఉంటే ఐదుగా లెక్కపడి ఉండొచ్చు. అదే కుటుంబం రెండేళ్లలో రెండు విడతలుగా రాసిస్తే ఒకటిగా కలిసిపోయి ఉండొచ్చు. దిద్దుబాటు దస్తావేజు కొత్త ఈజ్‌మెంట్‌గా చేరి ఉండొచ్చు. మొత్తం ఎకరాలు హోల్డర్ల 990లతో పోల్చేటప్పుడు, ఆ ఫారం కౌంటీకి కాకుండా సంస్థ మొత్తానికి అని మరవకండి.

ఆ తర్వాత ప్రతి యజమానికీ, హోల్డర్‌కూ వారి వరుసను ఉత్తరంలో పంపి, రెండు వారాల గడువివ్వండి. తప్పొప్పులు చెప్పేది వాళ్లే. తగాదా ఉన్నచోట వాళ్ల మాట కూడా పక్కన వేయండి.

తొమ్మిదో దశ: ఏది వేయాలి, ఏది వేయకూడదు

వేయాల్సినవి: దస్తావేజు నంబరు, తేదీలు, ఎకరాలు, హోల్డర్, రాసిచ్చినవారు, ఇప్పటి యజమాని, డబ్బు వచ్చిన దారి, రుజువైన మొత్తం, మిగిలిన ఇళ్ల హక్కులు, తనఖా స్థితి, సవరణలు. ప్రతి అంకె పక్కన అది ఏ కాగితం నుంచి వచ్చిందో.

వేయకూడనివి: ఇంటి చిరునామాలు, ఫోన్లు. అవి రికార్డులో ఉన్నా జనం డబ్బు లెక్కకు అక్కర్లేదు. ఒంటరిగా పొలంలో ఉండే వృద్ధులకు వాటివల్ల వచ్చే ఇబ్బంది మాత్రం నిజం. అరుదైన జీవుల గూళ్లు, పురాతన సమాధులున్న చోట్ల మ్యాప్‌లో కచ్చితమైన హద్దు గీయకండి. కౌంటీ భాగం స్థాయిలో చూపండి. మ్యాప్ మీద పెద్ద అక్షరాలతో "ఇవి ప్రైవేటు భూములు, ప్రవేశం లేదు" అని రాయండి. ప్రవేశం రాసిచ్చిన కొద్దివాటిని వేరే రంగులో చూపండి.

పేజీ పైన రికార్డులు చూసిన తేదీ వేయండి. పొలాలు అమ్ముడవుతూనే ఉంటాయి, సవరణలు పడుతూనే ఉంటాయి. ఏడాదికొకసారి ఐదో దశను, నాలుగో దశలోని చివరి వెతుకులాటను మళ్లీ చేసి, మారిన వరుసలకు కొత్త తేదీ పెట్టండి. పాత ప్రతిని తీసేయకుండా పక్కనే ఉంచండి. ఎవరి హయాంలో ఏ సవరణ జరిగిందో పదేళ్ల తర్వాత వెతికేవారికి అదే ఆధారం.